పరగడుపు రక్తం

ఆ పూట ఆశ చేతిమీదుగా అవ్వాల్సిన పనులు ఇవి: అత్త పోతమ్మకి గంటకోసారి జావో పాలో ఏదో ఒకటి పట్టించాలి. ల్యాబు మెట్ల దగ్గర ఉండిపోయిన గొడుగునీ చెప్పుల్నీ ఎవరిచేతనైనా తెప్పించాలి. సముద్రం మీదున్న మొగుడు వీరేంద్రకి కబురందే దారి ఉందేమో బోటు ఓనరుని అడగాలి. సాయంత్రం వేసుకునే షుగరు మాత్ర అత్త చేతికి దొరక్కుండా దాచాలి. రేపు పొద్దున్న రక్తం ఎక్కడ ఇవ్వాలో దీపాలు పెట్టేలోపు తేల్చాలి. వీటన్నిటికన్నా ముందు, పెందుర్తిలో బయల్దేరిపోయిన ఆడపడుచు ఈశ్వరికి ఏం చెప్పాలో ఆలోచించుకోవాలి.

జావ ఒక్కటే అయింది. ఆటో వచ్చి వాకిట్లో ఆగింది.

ఈశ్వరి చెప్పులు విడవలేదు. మంచం మీద కళ్ళు మూసుకుని పడుకున్న తల్లిని చూసింది. గుమ్మం పక్కన చిరిగిన వల ముందేసుకుని కూర్చున్న తండ్రి దొరబాబుని చూసింది. గ్లాసు పట్టుకుని నిలబడ్డ తమ్ముడి పెళ్ళాన్ని చూసింది. ముందు ఎవరిని అందుకోవాలో తేల్చుకోడానికి ఆమెకి ఎంతోసేపు పట్టలేదు.

"ఎంతకి తేలింది?" అని అడిగింది.

ఆశకి అర్థం కాలేదు. "ఏటి వదినా?"

"మాయమ్మ రక్తం. ఎంతకి బేరం కుదిరిందని అడుగుతన్నాను."

దొరబాబు చేతిలో వల కుట్టే పుల్ల ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ కదిలింది.

పెందుర్తి దాకా కబురు మోసినవాళ్ళెవరో గానీ ఉప్పూ కారం దట్టించే మోశారు. జరిగింది ఇంతే. పరగడుపున రక్తం ఇవ్వాలని కోడలు చెప్పింది కాబట్టి పోతమ్మ పొద్దున్న టీ చుక్క కూడా ముట్టలేదు. అలాగే హార్బరుకి వెళ్ళింది, వేలం పాటలో చేపలు కొంది, జతగత్తె గంగాలమ్మని వెంటబెట్టుకుని సందులో ఉన్న ల్యాబుకి వచ్చింది. అక్కడ తనకంటే ముందొచ్చినవాళ్ళు చాలామంది ఉన్నారు. మెట్లమీద కూర్చుంది. కాసేపటికి ఒళ్ళంతా చెమటలు పట్టాయి, మాట తడబడింది, కూర్చున్న మనిషి కూర్చున్నట్టే పక్కకి ఒరిగిపోయింది. ల్యాబువాళ్ళు పరిగెత్తుకొచ్చి నోట్లో పంచదార నీళ్ళు పొయ్యబట్టి తేరుకుంది. రక్తం మాత్రం తియ్యలేదు. ముందు ఇంటికి తీసుకెళ్ళి తిండి పెట్టండి అన్నారు.

తినొద్దని చెప్పిన ఆశ, మాత్ర కూడా వేసుకోవద్దని చెప్పలేదు. ఎప్పటిలాగే పోతమ్మ లేవగానే మాత్రలు మింగింది. ఒకటి కాదు, రెండు. పోయినసారి రిపోర్టు చూసి డాక్టరే పెంచాడు. ఖాళీ కడుపులో రెండు మాత్రలు పడ్డాయి.

ఆ చెప్పకపోవడం తన తప్పేనని ఆశ పొద్దున్నే మావ ముందు ఒప్పుకుంది. ఆ ఒప్పుకోలు ఆమె చెప్పకుండానే పెందుర్తి చేరిపోయింది.

ఇక రేట్ల సంగతంటారా, అది వీధంతటికీ తెలుసు. జాలరిపేటలో ఆ వరసలో డిగ్రీ చదివిన మొదటి కోడలు ఆశ. పుట్టింట్లోనూ ఆమే మొదటిది. చదివిన చదువుకి ఇంట్లో ఏదో ఒక పని జరగాలని ఆమెకి పట్టుదల. మూణ్ణెల్ల సగటు షుగరూ, పరగడుపు షుగరూ కలిపి చెప్పే పరీక్ష ఎక్కడ ఎంతో ఫోనులో వెతికింది. ఫోను మాట నమ్మలేక కాళ్ళరిగేలా తిరిగి అడిగింది. పెద్ద ప్రైవేటు ఆసుపత్రిలో తొమ్మిదొందలు. సందులో ల్యాబులో నాలుగొందలు. ఇంటికొచ్చి తీసుకెళ్ళే కంపెనీవాళ్ళు మూడొందలే అని మొదలుపెట్టి, మనిషి వచ్చే ఖర్చని కొంత, అడగని పరీక్షలు కలిపి కొంత, చివరికి వెయ్యి దాటించారు. ఇంట్లో ఉన్న ఆరోగ్య కార్డు ఆసుపత్రిలో మంచమెక్కినవాళ్ళకి పనికొస్తుందట గానీ నడిచొచ్చి చెయ్యి చాపేవాళ్ళకి పనికిరాదట. సర్కారు పెద్దాసుపత్రిలో ఉచితమే. అక్కడ వరస కదిలేసరికి హార్బరులో పాట అయిపోతుంది. పాట పోగొట్టుకుని ఉత్తినే రక్తం ఇచ్చే ఖర్మ నాకేటి అంది పోతమ్మ. అలా నాలుగొందల ల్యాబు తేలింది.

అది ఈశ్వరికి మొదట్నుంచీ మింగుడుపడలేదు. ఇవాళ ఆమెకి కావలసిన సాక్ష్యం మంచం మీద పడుకుని ఉంది.

"పుట్టి బుద్దెరిగిన కాడ్నుంచి సేపల మద్దెన బతికినోల్లం" అంది. "మంచి సేప ఎవడైనా సగం రేటుకి ఇత్తాడేటి? ఇచ్చినాడంటే అది నిన్నటి సేప. ఆ మాత్రం సదువుకోని మాకు తెలుసు. నీకేల తెలీనేదు?"

"రక్తం చేప కాదు వదినా. అక్కడా ఇక్కడా మెషిను ఒక్కలాంటిదే. అద్దెలు వేరు, బోర్డులు వేరు. అందుకే రేటు వేరు."

"నీకు మెషిను కనపడతంది. నాకు మాయమ్మ కనపడతంది."

ఆశ గ్లాసు బల్లమీద పెట్టింది. మాట పెంచకూడదని పొద్దున్నించీ తనకి తానే చెప్పుకుంటోంది. ఆడబిడ్డ అర్ధమొగుడని పెళ్ళినాడే అమ్మ చెప్పి పంపింది. ఆ మిగతా అర్ధం సముద్రం మీద ఉంది. ఇంట్లో ఉన్నా నోరు విప్పే రకం కాదు.

ఈశ్వరి ఆగలేదు. తొమ్మిదొందలు పెట్టి ఉంటే ఏసీ గదిలో కూర్చోబెట్టేవాళ్ళనీ, మెట్లమీద ఎండలో కూర్చునే గతి పట్టేది కాదనీ, పెద్దచోట అయితే మాత్ర వేసుకోవద్దని వాళ్ళే ముందు చెప్పి ఉండేవాళ్ళనీ అంది. తమ్ముడి సంపాదనంతా ఏమవుతోందని అడిగింది. పోయిన ఏడు ఆశ ఎవరికో పోటీ పరీక్షల పుస్తకాలు కొన్న సంగతి ఎత్తింది. ఆ పుస్తకాలు ఆశవే. అన్నిటికీ ఆశ తల వంచుకునే ఉంది. చివరన ఈశ్వరి, "నా తల్లికి నేను ఉండగా ఇలాగ దిక్కులేని దానిలా..." అనేసరికి ఆమె తలెత్తింది.

"ఉన్నావు కదా వదినా. అన్నయ్యగారి కంపెనీ కార్డుంది కదా, అందులో పరీక్షలన్నీ ఫ్రీ అని నువ్వే చెప్పావు. అందులో అత్త పేరు రాయించు. నేను ఇంకెక్కడా రేటు అడగను."

వాకిట్లో ఆటో ఇంకా వెళ్ళలేదు. దాని ఇంజను చప్పుడు ఇంట్లోకి వినబడుతోంది.

ఆ కార్డులో ఈశ్వరి అత్తామామల పేర్లున్నాయి. మొగుడి తల్లిదండ్రులకే గానీ పెళ్ళాం తల్లిదండ్రులకి చోటు లేదని కంపెనీవాళ్ళు చెప్పారు. ఈశ్వరి ఆ సంగతి ఈ ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదు. ఆశకి తెలుసని ఆమెకి తెలీదు. తెలిశాక ఆమె మొహంలో మొదట సిగ్గు కనబడింది. సిగ్గు నిలవడానికి మాత్రం ఆమె చోటివ్వలేదు.

"నా కాపరం జోలికి రాకు" అంది, గొంతు తగ్గించి. "ఇంకోపాలి ఆ మాటంటే నీ మొగుడొచ్చేదాకా ఈ ఇంట్లో నువ్వుండవు."

"గోల ఆపండి" అన్నాడు దొరబాబు, వల మీంచి తలెత్తకుండా. "అది అన్నీ ఇంటంది."

పోతమ్మ వింటూనే ఉంది. కళ్ళు తెరిచి పైకప్పు రేకుల్ని చూస్తోంది.

ఈశ్వరి మంచం అంచున కూర్చుని తల్లి చెయ్యి పట్టుకుంది. సామాను సర్దమంది. ఇదే ఆటోలో పెద్దాసుపత్రి కాదు, ప్రైవేటుకే తీసుకెళ్ళి చేర్పించేస్తాను, చేర్పిస్తే ఆరోగ్య కార్డు ఎలాగూ పనికొస్తాది, రక్తమూ వాళ్ళే తీసుకుంటారు అంది. ఆశ అడ్డుపడింది. మనిషి తేరుకుంది, తింటోంది, మాట్లాడుతోంది. ఇప్పుడు చేర్పిస్తే ఏ జబ్బని చేర్చుకుంటారు? డాక్టరు ఫోనులో స్పష్టంగా చెప్పాడు: సాయంత్రం మాత్ర ఆపెయ్యండి, రేపు మళ్ళీ రక్తం ఇవ్వండి, ఆ అంకె చూశాకే ఏ మాత్ర, ఎన్ని అనేది చెప్తాను. అంకె లేకుండా మాత్ర ఇస్తే ఇవాళ్టిలాగే మళ్ళీ పడుతుంది. ఈసారి పక్కన పంచదార ఉంటుందో ఉండదో.

"ఇంకోమాట కూడా అన్నాడు" అని ఆశ ఆగింది. ఆ మాట చెప్పాలా వద్దా అని పొద్దున్నించీ తేల్చుకోలేకపోతోంది. చెప్తే ఈశ్వరి చేతికి కత్తి ఇచ్చినట్టే. దాస్తే అది అత్త మీదికే వస్తుంది. చెప్పేసింది. "పోయినసారి రిపోర్టులో షుగరు చాలా ఎక్కువుందట. అంత ఎక్కువున్న మనిషి ఒక్క పూట తినకపోతే ఇంతలా పడిపోవడం ఆయనకి నచ్చలేదు. ఆ రిపోర్టు సరైనదేనా అని అడిగాడు."

"ఏ ల్యాబు అది?"

ఆశ బల్లమీది గ్లాసు చేతిలోకి తీసుకుంది.

"ఏ ల్యాబని అడిగినాను."

"అదే ల్యాబు."

ఈశ్వరి లేచి నిలబడింది. ఈసారి అరవలేదు. అరిచి ఉంటే ఆశకి కొంత నయంగా ఉండేది. "అయితే నీ నాలుగొందల కాయితం తప్పు" అంది. "ఆ తప్పుడు కాయితం సూసి రెండు మాత్రలేసినారు. నువ్వు నా తల్లికి మూణ్ణెల్ల నించీ ఇసం పెడతన్నావు."

మెషిను ఒక్కటే అని ఆశ గట్టిగా నమ్మింది. అందరికీ చెప్పింది. ఆ నమ్మకం మీదే అత్త చేత రెండేసి మాత్రలు మింగించింది. పోయినసారి రక్తం ఇచ్చే రోజున తను పుట్టింట్లో ఉంది, రక్తం ఇచ్చిరమ్మని ఫోనులో చెప్పింది. తిరిగొచ్చాక రిపోర్టు పట్టుకుని అత్తని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది తనే. నిజంగానే అది నిన్నటి చేపేమో అని మొదటిసారి ఆమెకి భయం పుట్టింది.

"నాను రక్తం ఇవ్వను" అంది పోతమ్మ.

ఇద్దరూ మంచంవైపు తిరిగారు.

"నాలుగొందలకీ ఇవ్వను, తొమ్మిదొందలకీ ఇవ్వను. ఈపాలి నా వంతని ఎల్లాను. పడ్డాను. అయిపోనాది. ఇంక నన్నడగొద్దు."

రేపటికి అన్నీ సర్దుకుంటాయి, భయపడకు అని ఈశ్వరి బుజ్జగించింది. భయమని ఎవరన్నారు అని పోతమ్మ గోడవైపు తిరిగి పడుకుంది.

అంతలో గంగాలమ్మ వచ్చింది. నెత్తిమీద రెండు గంపలు, ఒకదానిలో ఒకటి. చంకలో పోతమ్మ గొడుగు, చెప్పులు. పొద్దున్న పోతమ్మని ఆటో ఎక్కించి ఇంట్లో దింపి, మళ్ళీ వెళ్ళి ఇద్దరి చేపలూ తనే తిరిగి అమ్ముకొచ్చింది. పాటలో జత కట్టినవాళ్ళలో ఒకరు పడితే రెండోవాళ్ళు ఇద్దరి సరుకూ అమ్మాలి. ఇది వాళ్ళలో ఎవరూ చెప్పుకోని కట్టుబాటు.

గంపలు దింపి గుమ్మంలో కూలబడింది. ఒక కాలు మడవలేక చాపుకునే కూర్చుంది. మడమ పైన గుడ్డ పేలిక చుట్టి ఉంది. ఎప్పుడో జెల్ల చేప ముల్లు దిగిందట. అది మానదు, చావదు. "ఎలాగుందప్పా?" అని మంచంవైపు చూసి అడిగింది.

పోతమ్మ తిరిగి చూసేలోపే ఈశ్వరి అందుకుంది.

పక్కనే ఉండి ఏం చేశావు పిన్నీ అంది. మనిషి చెమటలు కక్కుతుంటే కళ్ళు ఎక్కడ పెట్టుకున్నావంది. గంగాలమ్మ తనకి తోచినంతా చెప్పుకుంది. నీరసమనుకున్నాను, ఎండనుకున్నాను, పడిపోయాక మాత్రం సచ్చిపోనాదనే అనుకున్నాను గుంటా అంది. ఈశ్వరి ఆ మాట పట్టించుకునే స్థితిలో లేదు. ఆమె కోపానికి ఇందాకటినుంచీ ఆశ ఒక్కతే దొరికింది. ఇప్పుడు ఇంకో మనిషి దొరికింది.

"ఎండా కాదు, నీరసమూ కాదు. మాత్రలు" అంది. "ఈ డిగ్రీ కోడలు ఒకటి సాలక రెండు మింగించినాది. ఆ మాత్రలే మాయమ్మని పడీసినాయి."

గంగాలమ్మ ఆశ మొహం చూసింది. "మాత్రలేనా?" అని అడిగింది.

ఆశ అవునన్నట్టూ కాదన్నట్టూ తల తిప్పింది. ఖాళీ కడుపు సంగతి, పోయినసారి రిపోర్టు సంగతి, అంతా విడమరిచి చెప్పాలనుకుంది. ఈశ్వరి నోరు ఆమెకంటే ముందుంది.

"మరేటి? నువ్వూ అయే మింగుతన్నావు కదా, సూసుకో. మాయమ్మ పడితే తగూలాడ్డానికి కూతురుంది, కోడలుంది. నువ్వు పడితే నోట్లో పంచదార ఏసే దిక్కు కూడా నేదు నీకు."

దొరబాబు పుల్ల కింద పెట్టేశాడు. గంగాలమ్మకి పిల్లల్లేరు. మొగుడు వేటకెళ్ళి తిరిగి రాలేదు. ఆ సంగతి ఎరగనివాళ్ళు ఆ వీధిలో లేరు, నోటితో అన్నవాళ్ళూ ఇంతవరకూ లేరు.

గంగాలమ్మ గోడ పట్టుకుని లేచింది. తన గంప తీసుకుంది, పోతమ్మ గంప గుమ్మం పక్కన బోర్లించింది. చెప్పులు జతగా మంచం కింద పెట్టింది. కుంటుకుంటూ మెట్లు దిగిపోయింది.

"గంగాలూ" అని పిలిచింది పోతమ్మ. "ఒలే గంగాలూ."

ఆమె వెనక్కి చూడలేదు.

ఈశ్వరి తన చెప్పులు అప్పుడు విడిచింది. ఆటోవాడికి వెళ్ళిపొమ్మని సైగ చేసింది. దొరబాబు బీడీ తీశాడు, వెలిగించకుండా చేతిలోనే పట్టుకున్నాడు. ఆశ జావ వేడి చేసుకొచ్చి మంచం దగ్గర కూర్చుంది. రెండు చెంచాలు పట్టించింది. ఇందాకటి భయం ఆమెని వదల్లేదు. ఆ ల్యాబువాళ్ళు ఎక్కడ పొరపాటు పడ్డారో తెలిస్తే తప్ప రేపు ఎక్కడికి తీసుకెళ్ళాలో తేలదు. అత్త కోపం చల్లారిందో లేదో చూసుకుని నెమ్మదిగా మొదలుపెట్టింది.

"అత్తా, పోయినసారి నీకు రక్తం తీసింది మొగాడా, ఆడమనిషా?"

"నాకేటి తెలుసు?"

"ఏ చేతికి తీశారు? సీసా మీద పేరు నీ ముందే రాశారా?"

"నాకు తెల్దంతన్నాను కదా."

"నీ రక్తం నీకు తెలీకుండా ఎలా తీస్తారత్తా?"

పోతమ్మ చెంచా పక్కకి నెట్టింది. "నాను ఎల్లనేదు" అంది. "పోయినపాలి గంగాలు వంతు."

ఈశ్వరి దగ్గరికొచ్చింది. వంతేమిటని తల్లిని గద్దించింది. పోతమ్మ ఇంత చిన్న సంగతికి ఇద్దరూ తనమీద ఎందుకు పడుతున్నారో తెలియని మనిషిలా చూసింది. దిండుకి చేరగిలబడి, చిన్నపిల్లలకి చెప్పినట్టు చెప్పింది.

హార్బరులో ఒక్కతే ఒక పాట మొత్తం ఎత్తలేదు. అందుకని ఇద్దరు కలిసి పాడతారు. పాట ఒకరి పేరున కొట్టేస్తారు, ఇసక మీద పోసి ఇద్దరూ వాటా వేసుకుంటారు. పేరు ఎవరిదైనా సరుకు ఒకటే. గంగాలమ్మా తనూ ఇన్నేళ్ళుగా అలాగే బతికారు. ఆటో కూలీ వాటా, ఐసు వాటా, అమ్మవారి జాతర పరసలో ఇచ్చే కోడి వాటా.

"మా ఇద్దరికీ సుగరే. ఇద్దరం ఒకే మాత్ర మింగుతన్నాం. ఒకే సేప తింతన్నాం, ఒకే బరువు మోత్తన్నాం. దానికొకటి నాకొకటి ఏల పరీచ్చ? ఒకపాలి అది ఇత్తాది, ఒకపాలి నానిత్తాను. కరుసు సగం సగం. పేరు ఎవరిదైతే ఏటి?"

అక్కడ కాస్త ఆగి, కోడలివైపు చూసింది. ఆ చూపులో కొంచెం గర్వం కూడా ఉంది.

"నువ్వు ఊరంతా ఎతికి సగం రేటు పట్టినావు. నాను అందులో సగం సేసినాను."

ఆశ గిన్నె కింద పెట్టింది.

రిపోర్టు మీద పేరు పోతమ్మది. వయసు పోతమ్మది. రక్తం గంగాలమ్మది. ల్యాబు తప్పు లేదు, మెషిను తప్పు లేదు. షుగరు అంత ఎక్కువున్నది గంగాలమ్మకి. దానికి పెంచిన మాత్రలు మింగింది పోతమ్మ. మానని కాలు ఇందాక గుమ్మంలో చాపుకుని కూర్చున్నదే గంగాలమ్మ.

"గంగాలమ్మత్త కూడా రెండేసుకుంటోందా?" అని అడిగింది.

"మరేటి. నీ డాకటరు నాకు రెండన్నాడని అదీ రెండేసుకుంటంది. పాపం, మొదట్లో కడుపులో తిప్పేదనీది. అయినా మాననేదు."

అంటే ఏ లెక్కా లేకుండా, ఎవరి తెలివీ లేకుండా, గంగాలమ్మకి తగిన మందు గంగాలమ్మకి చేరింది. ఇన్నాళ్ళూ ఆమెని నిలబెట్టింది ఆ రెండు మాత్రలే. ఇప్పుడే ఈ ఇంట్లో, ఈ గుమ్మంలో, ఆ మాత్రలే మనిషిని పడేశాయని విని వెళ్ళింది.

ఆశ ఈశ్వరిని చూసింది. ఈశ్వరికీ అర్థమైంది. అర్థమైన మరుక్షణం ఆమె ఇంకో తప్పు వెతుక్కుంది.

"రేట్లు రేట్లు అని నువ్వు పొద్దస్తమానం పాడబట్టి ముసల్దానికి ఈ బుద్ది పుట్టినాది. తొమ్మిదొందలు పారీసి ఉంటే..."

"తొమ్మిదొందలైతే చెరి నాలుగొందల యాభై వేసుకునేవాళ్ళు వదినా" అంది ఆశ. "తిట్టు. రేపు తీరిగ్గా తిట్టు, కూర్చుని వింటాను. ఇప్పుడు నాకు అడ్డు రాకు."

మొదటిసారి ఈశ్వరి పక్కకి తప్పుకుంది.

గంగాలమ్మ ఇల్లు రెండు సందుల అవతల. ఆశ చెప్పుల్లేకుండానే వెళ్ళింది. దారిలో ఎండబెట్టిన నెత్తళ్ళ చేపలు తొక్కిందని ఎవరో తిట్టారు. ఇంటి తలుపుకి గొలుసు వేసి ఉంది, గొలుసుకి తాళం ఉంది. పక్కింటి చిలకమ్మ పొయ్యి ముందు కూర్చుని ఉంది. ఏమే, మీ ఇంట్లో దాన్ని ఏటన్నారు అని ఆమే ఎదురడిగింది.

గంగాలమ్మ వస్తూనే ఇంట్లోకెళ్ళి మాత్రల అట్టలు తెచ్చి, చిలకమ్మ చూస్తుండగానే పొయ్యిలో పారేసిందట. పోతమ్మని పడగొట్టిన మందు నాకొద్దు, పడితే ఎత్తేవోల్లు కూడా నేరు నాకు అందట. చీర మార్చుకుంది. భీమిలి అవతల చెల్లెలి ఊళ్ళో అమ్మవారి పరస, వెళ్ళనా మాననా అని ఎప్పట్నుంచో అనుకుంటున్నదే, ఇప్పుడు వెళ్ళిపోయింది. బస్సెక్కేసే ఉంటుంది. పరస అయ్యేదాకా రాదు.

"ఫోను?" అంది ఆశ.

"దానికి పోనేటి? పోతమ్మ పోనే దాని పోను."

పొయ్యిలో వెండిరంగు రేకు ముక్క ఒకటి ముడుచుకుపోయి కనబడింది. చెల్లెలి ఊరి పేరు చిలకమ్మకి సరిగ్గా తెలీదు. పోతమ్మకి తెలిసి ఉంటుంది. తెలిసినా, అడిగితే తనే బయల్దేరుతుంది. ఈ పూట పోతమ్మ మంచం దిగకూడదు.

ఆశ వెనక్కి తిరిగేసరికి సందు మొదట్లో దొరబాబు కనబడ్డాడు. వెలిగించని బీడీ చెవిమీద పెట్టుకుని, వీలైనంత వేగంగా వస్తున్నాడు. అతని వెనక ఈశ్వరి గొంతు వినబడుతోంది. అమ్మని పట్టుకోండి, గంగాలు దగ్గరికి ఎల్తానని లేచిపోతోంది అని ఎవర్నో పిలుస్తోంది. ఆ గొంతులో ఇప్పుడు కూడా కోపమే ఉంది.

భీమిలి బస్సు ఆ వేళకి చాలాదూరం వెళ్ళిపోయి ఉంటుంది. సముద్రం పక్కనే దారి. కిటికీ దగ్గర చోటు దొరికిందో లేదో, కాలు చాపుకోడానికి వీలుందో లేదో. పరసలో చెల్లెలి ఇంట్లో బూరెలు వండుతారు, ఒద్దంటే ఊరుకోరు.

ఈ వారం కథ చదివినవాళ్ళకి ఒక్క మనవి. ఈశ్వరి అన్న మాటలు మరిచిపోయినా నష్టం లేదు, ఆశ పడ్డ మాటలు మరిచిపోయినా నష్టం లేదు. వాళ్ళు ఒకరికొకరు గుర్తుచేసుకుంటూనే ఉంటారు. మీరు గంగాలమ్మని గుర్తుపెట్టుకోండి. ఆమె రక్తం చూసి రాసిన కాగితం మీద ఆమె పేరు లేదు.